ఘాట్ దిగే పాత కారుకు ఏ డిస్కు, ఏ ప్యాడ్లు?

రాయచోటి నుంచి కడపకు కారులో వచ్చేవారు చాలామంది గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగుతారు. కోవా కట్టించుకుని బయల్దేరాక ఘాట్ వస్తుంది. ముందు లారీ, వెనక లారీ, మలుపు మలుపుకూ బ్రేకు. కారు కొత్తదైతే ఎవరూ దీని గురించి పెద్దగా ఆలోచించరు. పన్నెండేళ్లో పదిహేనేళ్లో దాటిన కారైతే, అందులో నలుగురు పెద్దవాళ్లూ డిక్కీ నిండా సామానూ ఉంటే, చక్రాల లోపల ఏం జరుగుతోందో తెలిసి ఉండటం అవసరం.

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో పాత కార్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800, అదే ఏడాది ఆగిన పాత శాంత్రో, మొదటి తరం స్విఫ్ట్, ఆల్టో, ఇండికా ఊరూరా కనిపిస్తాయి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చుకున్నవీ తక్కువేం కాదు. వీటి బ్రేకుల కథ సాధారణంగా ఒకేలా నడుస్తుంది. బ్రేకు నొక్కినప్పుడు కీచుమని శబ్దం వస్తుంది. మెకానిక్ చక్రం విప్పి, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని, అంటే డిస్కును, రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్లు అయిపోయాయంటాడు. షాపులో అడిగే ప్రశ్న ఒక్కటే: ఒరిజినలా, లోకలా? ధర కుదిరితే కొత్త ప్యాడ్లు పాత డిస్కు మీద ఎక్కేస్తాయి.

ఈ వరసలో మొదట అడగాల్సిన ప్రశ్న తప్పిపోతోంది. డిస్కులో ఇంకా ఎంత ఇనుము మిగిలింది? ప్యాడ్ల కంపెనీ, రకం, ధర అన్నీ ఈ ప్రశ్న తర్వాతే రావాలి. కారణం వేడి.

బ్రేకు చేసే పని కారు వేగాన్ని వేడిగా మార్చడం, ఆ వేడిని గాలిలోకి వదిలేయడం. మనుషులతో కలిపి 1100 కిలోల బరువున్న చిన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉన్న చలనశక్తి సుమారు 4.25 లక్షల జౌళ్లు. లీటరున్నర మామూలు నీళ్లను మరిగే స్థితికి తేవడానికి దాదాపు అంత శక్తి కావాలి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద అందుకు నిమిషాలు పడుతుంది. సడన్ బ్రేకు కొడితే అదే వేడి నాలుగైదు సెకన్లలో పుడుతుంది. అందులో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ముందు చక్రాల్లోని రెండు ఇనుప డిస్కుల మీదే పడుతుంది. వేగం సగానికి తగ్గితే, అంటే 50లో పోతుంటే, ఈ శక్తి సగం కాదు, నాలుగో వంతే అవుతుంది. అందుకే ఊళ్లో బాగున్న బ్రేకులు హైవేలో బాగుంటాయన్న నమ్మకం లేదు.

ఘాట్ లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 40 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగినప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి, 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆగడానికి కావలసిన శక్తితో సమానం. కారు బరువు ఎంతైనా ఈ పోలిక మారదు. అంటే 200 మీటర్ల ఎత్తు దిగడమంటే నూరు వేగం నుంచి వరసగా అయిదు సార్లు ఆగడమే. ఇంజిన్, గాలి, టైర్ల రాపిడి అందులో కొంత భరిస్తాయి. కారును న్యూట్రల్‌లో వదిలేస్తే ఇంజిన్ భరించే వాటా కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది. పైగా నూరు వేగంలో డిస్కుకు గాలి బాగా తగిలి చల్లబడుతుంది. ఘాట్‌లో లారీ వెనక ఇరవై, ముప్పై వేగంతో దిగేటప్పుడు ఆ గాలి ఉండదు. కార్తీక మాసంలోనో శివరాత్రికో కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చేవారికి ఇది అనుభవమే. బారులు తీరిన బండ్ల మధ్య దిగుతుంటే కాసేపటికి కాలిన వాసన వస్తుంది.

ఇక డిస్కు అరిగితే ఏమవుతుందో చూడాలి. కొత్తగా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న డిస్కు 8 మిల్లీమీటర్లకు వచ్చిందనుకుందాం. ప్యాడ్లు రాసుకునే భాగంలో అయిదో వంతు ఇనుము పోయినట్టు. అదే బ్రేకుకు పుట్టే వేడి మాత్రం తగ్గదు. తక్కువ ఇనుములో అంతే వేడి చేరితే డిస్కు ఉష్ణోగ్రత పెరుగుదల నాలుగో వంతు ఎక్కువవుతుంది. ఎంత మంచి ప్యాడ్ వేసినా ఈ లెక్క మారదు. అరిగిన డిస్కు మీద ఖరీదైన ప్యాడ్ల కన్నా, మంచి డిస్కు మీద కంపెనీ ఇచ్చే మామూలు ప్యాడ్లే ఘాట్‌లో ఎక్కువ నమ్మకంగా పని చేస్తాయి.

కొలవడం ఎలా?

ప్రతి డిస్కుకూ తయారీదారు ఒక కనీస మందం నిర్ణయిస్తాడు. చాలా డిస్కుల అంచు మీదో, మధ్య టోపీ భాగం మీదో 'మిన్ టీహెచ్' అన్న అక్షరాలతో ఆ అంకె పోత పోసి ఉంటుంది. తుప్పు పట్టి కనబడకపోతే వైర్ బ్రష్‌తో రుద్దితే తేలుతుంది. అప్పటికీ కనబడకపోతే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ప్యాడ్ తగలని అంచు దగ్గర డిస్కు అరగదు, అక్కడ గట్టులా నిలబడిపోతుంది. వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు ఆ గట్టు మీదే ఆనుకుని, అరగని మందం చూపిస్తాయి. చూసినవాళ్లు డిస్కు బాగుందనుకుంటారు. మైక్రోమీటర్ ఉంటే ఈ ఇబ్బంది లేదు. లేకపోతే ఒక ఉపాయం ఉంది: ప్యాడ్ రాసుకునే చోట డిస్కుకు అటొకటి ఇటొకటి రూపాయి బిళ్లలు ఆనించి మొత్తం కొలవాలి. తర్వాత రెండు బిళ్లల మందం విడిగా కొలిచి తీసేస్తే మిగిలేది డిస్కు అసలు మందం. ఒక్క చోట కాదు, చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి.

చుట్టూ కొలవమనడానికి కారణముంది. బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కు వంకర పోయిందంటారు. నిజానికి ఎక్కువసార్లు డిస్కు వంగి ఉండదు. అది చుట్టూ ఒకే మందంతో ఉండదు, లేదా ప్యాడ్ పదార్థం కొన్నిచోట్ల అతుక్కుని ఎత్తుపల్లాలు ఏర్పడి ఉంటాయి. మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతుల తేడా చాలు, 80 వేగంలో బ్రేకు నొక్కితే స్టీరింగ్ చేతిలో వణుకుతుంది. ఆ సూక్ష్మమైన తేడా రూపాయి బిళ్లల పద్ధతికి అందదు, మైక్రోమీటరే కావాలి. వణుకు ఎప్పుడొస్తోందన్నది కూడా గుర్తుపట్టాలి. బ్రేకు నొక్కకపోయినా వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ సమస్యో టైరు సమస్యో అవుతుంది. బ్రేకు నొక్కితేనే స్టీరింగ్ వణికితే ముందు డిస్కులు. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, పెడల్ అదిరితే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులను అనుమానించాలి.

కొలిచాక నిర్ణయం సులువు. మందం కనీస అంకె దగ్గరికి వచ్చేసి ఉంటే డిస్కు మార్చాలి. ఇప్పుడు కాస్త ఎక్కువే ఉన్నా, కొత్త ప్యాడ్ల సెట్టు అరిగిపోయేలోపు కనీస మందం కన్నా తగ్గిపోతుందనిపిస్తే ఇప్పుడే మార్చడం నయం. అంచు దాకా పాకిన పగుళ్లున్నా, గోరు పట్టేంత లోతు గాట్లున్నా, నీలం మచ్చలు తేలి ఉన్నా ఆ డిస్కును నమ్మకూడదు. నీలం రంగు ఆ ఇనుము ఎంత కాగిందో చెప్పే గుర్తు. పైపైన సన్నటి గీతలుంటే, మందం నిండుగా ఉంటే, పాత డిస్కునే ఉంచుకోవచ్చు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు కూడా మార్చి తీరాలన్న మాట నిజం కాదు. కొన్ని వర్క్‌షాపుల్లో కొలవకుండానే రెండూ బిల్లులో వేసేస్తారు. అలాంటప్పుడు ఎంత మందం వచ్చిందని అడిగే హక్కు కారు యజమానికి ఉంది, అడగాలి కూడా.

లేత్ మీద పెట్టి డిస్కును సాపు చేయించడం మన ఊళ్లలో పాత అలవాటు. డిస్కు ఖరీదు ఎక్కువగా ఉన్న రోజుల్లో దానికి అర్థముంది. ఇప్పుడు చిన్న కార్ల విషయంలో ఆలోచించాలి. లేత్ తీసేది ఇనుమునే, ఘాట్‌లో మనకు కావలసిందీ ఆ ఇనుమే. సాపు చేశాక కూడా కనీస మందం కన్నా బాగా ఎక్కువ మిగిలితేనే, రెండు ముఖాలూ సమాంతరంగా తీయగల లేత్ పనివాడు దొరికితేనే చేయించాలి. అడ్డదిడ్డంగా తీసిన డిస్కు మునుపటికన్నా ఎక్కువ వణుకుతుంది. గుజిరీలో దొరికే వాడేసిన డిస్కుల జోలికి అసలే వెళ్లకూడదు.

రంధ్రాలు పొడిచిన డిస్కులు, గాడులు తీసిన డిస్కులు ఆన్‌లైన్‌లో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. చిన్న పాత కారుకు వాటితో ఒరిగేది లేదు. రంధ్రం పెట్టిన ప్రతి చోటా ఇనుము తగ్గుతుంది, వేడెక్కి చల్లారినప్పుడల్లా ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. కంపెనీ ఏ సైజు, ఏ రకం ఇచ్చిందో అదే సరైనది. డిస్కులు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే బ్రేకు నొక్కినప్పుడు కారు ఒక వైపు లాగే ప్రమాదం ఉంది.

ప్యాడ్లలో తేడా

షాపుల్లో దొరికే ప్యాడ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా, శబ్దం లేకుండా ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడూ వెంటనే పట్టుకుంటాయి, డిస్కును తక్కువ అరగదీస్తాయి. బాగా కాగితే మాత్రం పట్టు కోల్పోతాయి. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు పీచు, ఇనుప పొడి కలుస్తాయి కాబట్టి వేడిని బాగా తట్టుకుంటాయి. బదులుగా డిస్కును ఎక్కువ అరగదీస్తాయి, ఉదయం మొదటి బ్రేకుకు కాస్త బద్ధకంగా ఉంటాయి, కీచుమనే అవకాశమూ ఎక్కువ. సెరామిక్ ప్యాడ్లు శబ్దం, నల్ల పొడి తక్కువ వచ్చేవి. ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నిటికన్నా గొప్పవనుకుంటారు. వాటి అసలు గొప్పదనం శుభ్రతలో, నిశ్శబ్దంలో ఉంది. ఘాట్ కోసమే అయితే ఆ అదనపు డబ్బు కొత్త డిస్కుల మీద పెట్టడం మేలు.

ఊళ్లో తిరిగే కారుకు, అప్పుడప్పుడు నలభై నాలుగో నంబర్ హైవే మీద బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లొచ్చే కారుకు, కంపెనీ ఇచ్చిన రకం ప్యాడ్లే సరిపోతాయి. వారానికోసారి గువ్వలచెరువు ఘాట్ దిగేవారు, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల దారిలో తరచూ బరువుతో తిరిగేవారు ఉంటే, పేరున్న తయారీదారు సెమీ మెటాలిక్ ప్యాడ్ల గురించి ఆలోచించవచ్చు. అప్పుడు డిస్కు త్వరగా అరుగుతుందని ముందే ఒప్పుకుని, ఏడాదికోసారి మందం కొలిపించుకోవాలి.

ప్యాడ్ వెనకో పక్కనో ముద్రించిన పొడవాటి కోడ్ చివర రెండు ఆంగ్ల అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు ఎంతో, రెండోది బాగా కాగినప్పుడు ఎంతో చెబుతుంది. 'ఈ' అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35 వరకు, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45 వరకు, 'జీ' అంటే 0.45 నుంచి 0.55 వరకు. 'ఎఫ్ఎఫ్' అని ఉన్న ప్యాడ్ కాగినా ఆ పరిధిలోనే నిలబడుతుందని అర్థం. 'ఎఫ్ఈ' అని ఉంటే వేడికి పట్టు తగ్గుతుందని అది తానే ఒప్పుకుంటున్నట్టు. ఘాట్ దిగేవారు చూడాల్సింది రెండో అక్షరం. ఈ అక్షరాలు ప్యాడ్ మన్నికను గానీ నాణ్యతను గానీ చెప్పవు. అయినా కోడు అసలే లేకపోవడం ఆ ప్యాడ్‌ను పక్కన పెట్టేయడానికి మంచి కారణం. డబ్బా మీద యూరప్ ప్రమాణమైన ఆర్90 గుర్తు ఉంటే, ఆ ప్యాడ్ పట్టు కంపెనీ ప్యాడ్ పట్టుకు దగ్గరగా, 15 శాతం తేడాలోపు ఉన్నట్టు పరీక్షలో తేలిందని అర్థం.

ఎండ, దుమ్ము, నల్లరేగడి

ఎండకు బ్రేకులు ఫెయిలవుతాయని మన దగ్గర తరచూ అంటుంటారు. ఇది సగమే నిజం. కర్నూలులో మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాసినా, ఘాట్‌లో 300 డిగ్రీలు దాటే డిస్కుకు ఆ పది పదిహేను డిగ్రీల తేడా పెద్ద లెక్క కాదు. ఎండ దెబ్బ తీసేది రబ్బరును. ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే కాలిపర్ సీళ్లు, దాని పిన్నుల మీది రబ్బరు బూట్లు, బ్రేకు హోసులు ఏళ్ల తరబడి ఎండిపోయి పగుళ్లిస్తాయి.

మన నేలకు ఒక మేలు కూడా ఉంది. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటి. సముద్రపు గాలి తగిలే విశాఖలోలా ఇక్కడ డిస్కులు ఉప్పు తుప్పుతో తినేయబడవు. తుప్పు తక్కువ కాబట్టి డిస్కులు ఎక్కువ కాలం చూడ్డానికి బాగానే ఉంటాయి. అరుగుదల దాగిపోయేది ఈ నునుపులోనే.

దుమ్ము మాత్రం ఆ మేలును మించిన నష్టం చేస్తుంది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల రాతి పొడి గాలిలోనే ఉంటుంది. ఆ పొడి ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరితే ఉప్పుకాగితంలా పని చేస్తుంది. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి బాధ ఇంకోలా ఉంటుంది. వానలో చక్రం లోపల పట్టిన మట్టి ఎండి రాయిలా గట్టిపడి కాలిపర్ కదలికను బిగించేస్తుంది. డిస్కు వెనక పల్చటి రేకు కవచం ఒకటుంటుంది. అది కాస్త వంగి గరగరమంటే కొందరు ఊడబెరికి పారేస్తారు. మన రోడ్ల మీద అది ఉండి తీరాలి. చేత్తో వంచి సరిచేస్తే శబ్దం పోతుంది.

ప్యాడ్లు మార్చేటప్పుడు పోయిన వాటిని పారేయకుండా ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే అవి చాలా చెబుతాయి. రెండూ సమానంగా అరిగి ఉంటే కాలిపర్ బాగున్నట్టు. లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగి, బయటిది సగం మిగిలి ఉంటే కాలిపర్ అటూ ఇటూ జారే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నట్టు. ఒకే ప్యాడ్ ఒక కొన పల్చగా, మరో కొన మందంగా ఉన్నా అనుమానించాల్సింది ఆ పిన్నులనే. ఈ లోపాన్ని వదిలేసి కొత్త ప్యాడ్లు వేస్తే అవీ ఆర్నెల్లలో అలాగే అవుతాయి. పిన్నులు తీసి తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాయాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బి మళ్లీ బిగుస్తాయి. షెడ్డులో చేతికందిన గ్రీజే రాసేస్తున్నారా అన్నది పక్కన నిలబడి చూడటంలో తప్పులేదు.

వెనక డ్రమ్ములను చాలామంది మరచిపోతారు. పాత చిన్న కార్లలో డ్రమ్ము లోపల ఆనుకుని ఆపే షూలు వాటంతట అవే సర్దుకునే ఏర్పాటు దుమ్ముతో బిగుసుకుపోతుంది. అప్పుడు వెనక బ్రేకు పేరుకే ఉంటుంది, పని మొత్తం ముందు డిస్కులే చేస్తాయి. హ్యాండ్ బ్రేకు బాగా పైదాకా లాగితే గానీ పట్టకపోవడం దీనికి గుర్తు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని గాలి కొట్టి ఊదకూడదు. షూల మీది పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండి ఉండవచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడి గుడ్డతో తుడవాలి. రోజూ ఈ పనే చేసే మెకానిక్ కుర్రాళ్ల కోసమైనా ఈ మాట గట్టిగా చెప్పాలి.

బ్రేకాయిల్ గురించి విడిగా చెప్పుకోవాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవచ్చు. డాట్ 4కు అవే అంకెలు 230, 155. పాత కార్లలో ఆయిల్ తగ్గినప్పుడల్లా పైన పోస్తారే తప్ప పూర్తిగా మార్చరు. రెండేళ్లకోసారి పాతదంతా తీసి గాలి లేకుండా కొత్తది నింపించాలి. ఇంకో మాట: ట్యాంకులో ఆయిల్ మట్టం నెమ్మదిగా తగ్గుతోందంటే చాలాసార్లు ప్యాడ్లు అరుగుతున్నాయని అర్థం. పైన పోసేస్తే ఆ హెచ్చరిక కనబడకుండా పోతుంది.

ఘాట్‌లో బ్రేకు పట్టనప్పుడు పెడల్ ఏం చెబుతోందో గమనించాలి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు కాగిపోయాయి. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతే ఆయిల్ మరిగి ఆవిరి పుట్టింది. మొదటిదానికి మందు సరైన డిస్కు, ప్యాడ్లు. రెండోదానికి కొత్త ఆయిల్. పెట్రోలు ఆదా కోసం ఇంజిన్ ఆపి దిగేవారు ఈ రెండింటికన్నా పెద్ద ప్రమాదంలో ఉన్నారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ రెండు మూడు నొక్కుళ్లకే ఖాళీ అవుతుంది. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు సరఫరా తామే ఆపేస్తాయి. న్యూట్రల్‌తో ఆదా అనేది వాటికి వర్తించదు. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే డిస్కుల మీద భారం బాగా తగ్గుతుంది.

15 ఏళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు ఫిట్‌నెస్ చూస్తారు. అక్కడ పాసైందంటే బ్రేకులకు ఢోకా లేదనుకోవడం సరికాదు. ఆ పరీక్ష చల్లటి బ్రేకు మీద, కొద్దిసేపు జరిగేది. వరసగా కాగిన బ్రేకు ఎలా ఉంటుందో అది చెప్పదు.

కొనేటప్పుడు

ఒకే పేరున్న కారులో కూడా ఏడాదిని బట్టి, వేరియంట్‌ను బట్టి డిస్కు వ్యాసం, ప్యాడ్ ఆకారం మారతాయి. షాపులో మోడల్ పేరు చెబితే చాలదు. ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీయించుకుని, వీలైతే పాత ప్యాడ్ కూడా పట్టుకెళ్లాలి. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. అలాంటి కార్లున్నవారు స్థానికంగా దొరకలేదని ఏదో ఒకటి సర్దుకోనవసరం లేదు. రాణే, బ్రేక్స్ ఇండియా, బాష్ వంటి తయారీదారుల క్యాటలాగుల్లో పాత మోడళ్లకు కూడా వెతకవచ్చు. అనంతపురం వాళ్లకు బెంగళూరు జేసీ రోడ్డు దూరమేమీ కాదు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ ఉండనే ఉంది.

నకిలీలు ఎక్కువగా వచ్చేది బాగా అమ్ముడుపోయే మోడళ్లకే. డబ్బా మీద అచ్చు మసకగా ఉండటం, హోలోగ్రామ్ అంటించినట్టు కాక వదులుగా ఉండటం, ప్యాడ్ పదార్థానికీ వెనక ఇనుప పలకకూ మధ్య సందు కనబడటం అనుమానించాల్సిన గుర్తులు. ప్యాడ్ పదార్థం పలక నుంచి ఊడిపోతే ఆ చక్రానికి బ్రేకు ఉండదు. బిల్లు తప్పక తీసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా ఇస్తే చవకన్న మాటకు ఇదివరకటి బలం కూడా ఇప్పుడు లేదు.

బిగించేటప్పుడు డిస్కు ఆనుకుని కూర్చునే హబ్ ముఖం మీద తుప్పును పూర్తిగా గీకేయాలి. అక్కడ ఇసుక రేణువంత తుప్పు మిగిలినా డిస్కు ఒరిగి కూర్చుని, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత స్టీరింగ్ వణుకు మళ్లీ వస్తుంది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా రాసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. డీజిల్, కిరోసిన్ వద్దు. వీల్ నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, చివర్లో చేతి స్పానర్‌తో సమానంగా బిగించాలి. గాలి గన్‌తో ఒక్కోదాన్ని ఒక్కో బిగువుతో కొట్టేస్తే అంత ఖర్చూ వృథా అవుతుంది. షెడ్డు నుంచి బయటికి తీసే ముందు పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు నొక్కాలి. కాలిపర్ పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటుంది కాబట్టి మొదటి నొక్కుకు బ్రేకు పట్టదు.

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు మొదటి రోజే పూర్తి పట్టు ఇవ్వవు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 వేగం నుంచి 10 దాకా మధ్యస్థంగా బ్రేకు నొక్కాలి. పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవాలి. పదిసార్లు ఇలా చేశాక, కొన్ని కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లార్చాలి. కాగిన బ్రేకు మీద కాలు నొక్కి పెట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే అంటుకుంటుంది. తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు తగ్గించుకోవాలి. గొర్రెల మంద అడ్డొస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి గట్టిగా నొక్కాల్సిందే.

ఆ తర్వాత మొదటిసారి గువ్వలచెరువు ఘాట్ దిగినప్పుడు, కింద కడప వైపు రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఆపి, ముందు రెండు చక్రాల దగ్గరా అరచేయి వెనక భాగాన్ని రిమ్ముకు జానెడు దూరంలో పెట్టి చూడాలి. డిస్కును తాకకూడదు, చర్మం ఊడొస్తుంది. రెండు వైపులా సెగ ఒకేలా తగిలితే సరే. ఒక వైపు మంటలా, ఇంకో వైపు గోరువెచ్చగా తగిలితే ఒక కాలిపర్ వదలడం లేదు, లేదా రెండోది పట్టడం లేదు. ఆ కారును ఆ వారంలోనే మళ్లీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి.